150 గజాల్లో చల్లటి ఇల్లు: డబ్బు శ్లాబు మీదా, పడమటి గోడ మీదా పెట్టండి

మాస్టారూ, మీ వివరాలన్నీ చదివాను. మధిరలో 30 × 45 స్థలం, అంటే 150 గజాలు, తూర్పు ముఖం, నల్లరేగడి నేల. లోనుతో కలిపి చేతిలో 22 లక్షలు. మీరిద్దరూ, ఇద్దరు పిల్లలూ, అమ్మగారూ. పని మొత్తం ఎవరికో అప్పగించకుండా దగ్గరుండి కట్టించుకోవాలని ఉంది. ఎండాకాలం రాత్రిళ్లు ఏసీ లేకుండా నిద్ర పట్టాలి. బూడిద ఇటుకా, మట్టి దిమ్మలా, మధ్యలో ఖాళీ వదిలి కట్టే రాట్ ట్రాప్ గోడా, సోలార్ ఇప్పుడే పెట్టించాలా అని అడిగారు. ఒకాయన 1,500 చదరపు అడుగుల డూప్లెక్స్ అదే 22 లక్షలకి కట్టిస్తానన్నాడని కూడా రాశారు.

ముందు ఆ డూప్లెక్స్ సంగతి. 22 లక్షల్ని 1,500తో భాగిస్తే అడుగుకి 1,467 రూపాయలు. నేను ఖమ్మం, కృష్ణా జిల్లాల్లో ఇరవై ఏడేళ్లుగా సైట్ల మీద ఉన్నవాణ్ని. ఈమధ్య నా చేతి మీదుగా వెళ్లిన పనుల్లో, ఆర్భాటం లేకుండా గట్టిగా కట్టినవాటికే అడుగు రెండు వేలకి అటూ ఇటూ అయింది. మరి ఆయన ఆ తేడా ఎక్కడ పూడుస్తాడు? పునాది లోతులో, కాంక్రీటులో, గోడ మందంలో. మీ కంటికి కనపడే చోట మాత్రం ఎలివేషనూ, రంగు లైట్లూ బాగానే వస్తాయి.

మీ ఐదుగురికీ 850 చదరపు అడుగుల ఒకే అంతస్తు చాలు. రెండు పడగ్గదులు, హాలు, వంటగది, రెండు బాత్‌రూములు, ముందు చిన్న వరండా అందులో పడతాయి. ఇంటికి 17 లక్షలు అనుకోండి. మిగతా ఐదూ బోరు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, మీటరు, ప్లాను ఫీజులకి పోతాయి. లెక్క వేసుకునేటప్పుడు అందరూ మర్చిపోయేది ఈ ఐదు లక్షలే. కట్టని గదికి సిమెంటూ అక్కర్లేదు, ఫ్యానూ అక్కర్లేదు. రేపు పిల్లలు పెద్దయ్యాక పైన వేసుకుంటామంటే ఇప్పుడే పునాదులూ స్తంభాలూ ఆ బరువుకి డిజైన్ చేయించండి. పైకి వదిలిన చువ్వల్ని మాత్రం తుప్పుకి వదిలేయకండి. సిమెంటు పాలు పూసి, చుట్టూ పల్చటి కాంక్రీటు దిమ్మ పోయిస్తే ఎప్పుడు కావాలంటే అప్పుడు పగలగొట్టుకోవచ్చు.

ఇక వేడి. మన అక్షాంశాల్లో మే మొదటి పది రోజుల్లో ఒక మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదకి వస్తాడు. హైదరాబాద్‌లో అది మే 9 ప్రాంతం, మీకు ఒకటి రెండు రోజులు ముందు. అప్పట్నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం పూట సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. కాబట్టి జనం భయపడే దక్షిణపు గోడకి మండు వేసవిలో ఎండ దాదాపు తగలదు. ఎండంతా తినేది శ్లాబు, ఆ తర్వాత పడమటి గోడ. తూర్పు గోడకి కూడా పొద్దున్నే తగులుతుంది కానీ ఆ వేడి సాయంత్రానికి చల్లారుతుంది. పడమటి గోడ అలా కాదు. మూడింటి నుంచి ఆరింటి దాకా మింగి, మీరు పడుకున్నాక కక్కుతుంది.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. 2003లో నా సొంత ఇల్లు కట్టుకున్నప్పుడు ఐదంగుళాల శ్లాబు వేసి, కారకుండా ఉండాలని దాని మీద నల్ల తారు పూత పూయించాను. ఇంజనీరునన్న ధీమా. మొదటి ఏప్రిల్లో రాత్రి పదింటికి మంచమెక్కి ఫ్యాను రెక్క తుడుస్తూ పొరపాటున సీలింగుకి చెయ్యి ఆనించాను. దించిన పెనంలా ఉంది. బయట వరండాలో గాలి చల్లగా ఉంటే లోపల ఫ్యాను ఆ వేడినే కిందకి తోస్తోంది. ఆ వేసవంతా మా అమ్మ అరుగు మీదే పడుకుంది. మరుసటేడు తారంతా గీకించి తెల్ల టైలు ముక్కలు పరిపించాను. మొదటే పరిపించి ఉంటే ఆ గీకుడు ఖర్చు మిగిలేది.

2018లో కేంద్రం ఇళ్లకోసం ఎకో నివాస్ సంహిత అని ఒక కోడ్ తెచ్చింది. అందులో పైకప్పు గుండా చదరపు మీటరుకి, ఒక్కో డిగ్రీ తేడాకి, 1.2 వాట్ల కంటే ఎక్కువ వేడి దిగకూడదంటారు. ఏమీ వేయని మన మామూలు శ్లాబు గుండా దిగేది మూడు వాట్లకి పైనే. మందం ఆరంగుళాలు చేసినా పెద్ద తేడా రాదు, కాంక్రీటు వేడిని ఆపే సరుకు కాదు. అదే శ్లాబు మీద అంగుళం మందం ఎక్స్‌పీఎస్ షీటు పరిస్తే ఒక వాటు దగ్గరికి దిగుతుంది. రంగు రంగుల గట్టి థర్మాకోల్ పలకల్లా ఉంటాయి, ఇన్సులేషన్ షీట్లంటే షాపులో ఇస్తారు. వరస ఇలా ఉండాలి: శ్లాబు, దాని మీద వందకి ఒకటి చొప్పున వాలు, వాటర్‌ప్రూఫింగు, ఎక్స్‌పీఎస్ షీట్లు, వాటి మీద కోళ్ల జాలీ వేసి రెండంగుళాల కాంక్రీటు, అన్నిటికన్నా పైన తెల్ల టైలు ముక్కలు. టైల్స్ షాపుల వెనక పగిలిన ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి, బేరమాడితే బస్తాల లెక్కన చవగ్గా ఇస్తారు. ఈ పని శ్లాబుకి కిందనుంచి కాదు, పైనుంచే చేయాలి. కింద పీవోపీ సీలింగు వేసి వేడి తగ్గుతుందనేవాళ్లని నమ్మకండి, శ్లాబు కాగుతూనే ఉంటుంది, ఫ్యాను మాత్రం అర్ధ అడుగు కిందకి దిగుతుంది.

డబ్బు మరీ చాలకపోతే ఎక్స్‌పీఎస్ తర్వాత వేయించుకోండి, తెలుపు మాత్రం మానకండి. జల్లెడ పట్టిన సున్నంలో కాస్త జిగురు కలిపి ఏటా ఫిబ్రవరిలో రెండు కోట్లు కొట్టినా తేడా తెలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ చెప్పేది కూడా ఇదే, పైకప్పు తెల్లగా ఉంచమని. మీలాంటి చిన్న ఇళ్లకి అది తప్పనిసరి కాదు, అయినా చేయండి.

పడమటి గోడ దగ్గరికి వస్తే వాస్తు అడ్డొస్తుంది. ఇంటి యజమాని నైరుతి గదిలో పడుకోవాలంటారు. సాయంత్రం ఇంట్లోకెల్లా ఎక్కువ కాగే మూల అదే! నేను వాస్తుతో తగువు పెట్టుకోను, దానితోనే పని నడిపిస్తాను. మెట్లు పడమర, నైరుతి వైపు రావచ్చని వాళ్లే ఒప్పుకుంటారు కదా. ఆ మెట్లని నైరుతి గది పడమటి గోడకి ఆనుకుని పెట్టించండి, ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీలోకి (సెట్‌బ్యాక్‌లోకి) రాకుండా. గోడకి నీడ దొరుకుతుంది. వాయవ్యంలో బాత్‌రూములు, వాటి పక్కన సామాను గది. నైరుతి గదిలో అల్మారాలన్నీ పడమటి గోడకే. ఇలా చేస్తే పడుకునే మనిషికీ ఎండకీ మధ్య ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. ఆ గోడకి పెద్ద కిటికీ వద్దు, పైన వెంటిలేటరు చాలు. కిటికీలు దక్షిణానికి, ఉత్తరానికి పెట్టి, రెండడుగుల సజ్జాలు దించండి.

గోడ దేంతో అన్నారు. మీకు విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషను ఒకవైపు, పాల్వంచ ఇంకోవైపు ఉన్నాయి. బూడిద ఇటుక మీకు దొరికినంత తేలిగ్గా ఇంకేదీ దొరకదు. బూడిద, సున్నం, జిప్సం కలిపి బట్టీ లేకుండా ఇటుక చేసే ఫ్యాల్-జి పద్ధతి మన విశాఖపట్నంలోనే భానుమతీదాస్, కాళిదాస్ దంపతుల చేతుల్లో పుట్టింది. కాల్చే పని లేదు, పొలంలో పైమట్టి పోదు. ఇటుక కొనేముందు మీరే పరీక్ష చేయండి. ఎండిన ఇటుకని తూకం వేసి, రాత్రంతా నీళ్లలో పడేసి, పొద్దున్నే మళ్లీ తూచండి. మూడు కిలోల ఇటుక 3.6 కిలోలు దాటిందంటే వెనక్కి పంపేయండి. రెండు ఇటుకలు కొట్టి చూస్తే ఖంగుమనాలి. తయారైన వారానికే లారీ ఎక్కించేవాళ్లున్నారు, మూడు వారాలైనా నీళ్లు తాగిన ఇటుకే కావాలని గట్టిగా అడగండి.

రాట్ ట్రాప్ అంటే, చదివేవాళ్లలో తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, ఇటుకని పడుకోబెట్టకుండా పక్కకి నిలబెట్టి, లోపలి వరసకీ బయటి వరసకీ మధ్య ఖాళీ వదిలి కట్టే తొమ్మిదంగుళాల గోడ. కేరళలో స్థిరపడ్డ ఇంగ్లండు ఆర్కిటెక్ట్ లారీ బేకర్ దీన్ని మన దేశంలో బాగా వ్యాప్తి చేశాడు. ఇటుకల్లో నాలుగో వంతు దాకా మిగులుతుంది, మధ్యలో ఉన్న గాలి వేడిని ఆపుతుంది. ఇటుకలన్నీ ఒకే కొలతలో ఉండాలి కాబట్టి వంకర టింకర నాటు ఇటుక పనికిరాదు, బూడిద ఇటుక సరిగ్గా సరిపోతుంది. 9 × 4 × 3 ఇటుకతో మధ్యలో మూడంగుళాల పైచిలుకు ఖాళీ వస్తుంది.

ఇంత మంచిదైతే అందరూ ఎందుకు కట్టరు? మేస్త్రీ వల్ల. వైరా దగ్గర ఒక ఇంటికి నేనే ఈ గోడ పెట్టించాను. మొదటి రోజు సాయంత్రం వెళ్లి టార్చి వేసి పైనుంచి చూస్తే ఖాళీ సగం మాలుతో, అంటే ఇసుక సిమెంటు ముద్దతో, నిండిపోయి ఉంది. వరస పరిచేటప్పుడు తాపీ నుంచి జారిన మాలంతా లోపలికే పోయింది. మేస్త్రీని అంటే, "లోపల ఎవడు చూస్తాడు సార్, గట్టిగా ఉంటది గదా" అన్నాడు. అప్పుడు మూడంగుళాల వెడల్పు చెక్క పట్టీ ఒకటి చేయించి, ఖాళీ మీద పెట్టి మాలు పరిచి, పట్టీ జరుపుకుంటూ పొమ్మన్నాను. రెండో రోజుకి చెయ్యి తిరిగింది. తర్వాత ఎలక్ట్రీషియన్ వచ్చి కటింగ్ మిషన్‌తో గోడ అడ్డంగా కోసేశాడు, ఆ గొడవ వేరు. కాబట్టి స్విచ్ బోర్డులు ఎక్కడో గోడ లేవకముందే గీతలు గీసి, పైపులు ఖాళీల్లోంచి నిలువుగా దించాలి. మూలల్లో, తలుపు చట్రాల పక్కన, కిటికీ అడుగు వరసలో గోడ నిండుగానే కట్టాలి. మీరు రోజూ బడికి వెళ్లాలి కాబట్టి నా సలహా: ఇల్లంతా వద్దు, పడమటి గోడ, మండు వేసవి కాని నెలల్లో ఎండ తగిలే దక్షిణపు గోడ మాత్రం రాట్ ట్రాప్ పెట్టండి. లోపలి అడ్డగోడలు నాలుగున్నర అంగుళాలు చాలు.

మట్టి దిమ్మల విషయంలో మీ ఉత్సాహం అర్థమైంది. ఆరోవిల్ ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు, బెంగళూరు ఐఐఎస్‌సీ వాళ్లు దశాబ్దాలుగా చేసి చూపించినవే, మంచివే. కానీ దానికి ఇసుకపాళ్లు ఉన్న ఎర్రమట్టి కావాలి, దిమ్మలు నొక్కే మిషను కావాలి, నేర్చిన మనుషులు కావాలి. నల్లరేగడితో పొరపాటున కూడా చేయకూడదు. మట్టి వేరే ఊరు నుంచి, మిషను ఇంకో ఊరు నుంచి, మేస్త్రీ మూడో ఊరు నుంచి తెచ్చాక అందులో చవక ఎక్కడుంది? వదిలేయండి.

నల్లరేగడి మాటెత్తాం కాబట్టి పునాది. మీ ఇంటి మొత్తంలో పొదుపు చేయకూడనిది ఇదొక్కటే. ఈ నేల వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు తీస్తుంది, పైన ఉన్నదాన్ని లేపి దించుతుంది. పక్కింటాయన నాలుగడుగులు తవ్వాడని మీరూ నాలుగడుగులే తవ్వకండి. ముందు స్థలంలో రెండు మూలల్లో గోతులు తీసి గట్టి మొరం ఎంత లోతులో తగులుతుందో చూడండి. ఆరేడు అడుగుల్లో తగిలితే అక్కడిదాకా వెళ్లి ఫుటింగులు వేయండి. తగలకపోతే అండర్ రీమ్డ్ పైల్స్. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్‌ఐ) వాళ్లు నల్లరేగడి కోసమే తీర్చిదిద్దిన పద్ధతి అది. పన్నెండడుగుల దాకా బోరులా తవ్వి, అడుగున గొడుగులా వెడల్పు చేసి కాంక్రీటు పోస్తారు. నేల పైభాగం ఎంత ఉబ్బినా అడుగున పట్టు ఉంటుంది. వినడానికి ఖరీదుగా ఉంటుంది గానీ, లోతుగా తవ్వి రాతికట్టు కట్టి మొరం నింపే ఖర్చుతో పోల్చి చూసుకోండి, చాలాసార్లు దగ్గర దగ్గరగానే తేలుతుంది. ఏది చేసినా బేస్‌మట్టం లోపల తవ్విన నల్లమట్టినే తిరిగి నింపనివ్వకండి. మేస్త్రీలు ట్రాక్టరు కిరాయి మిగులుతుందని అదే పోసేస్తారు, మూడేళ్లకి ఫ్లోరింగు లేస్తుంది. ఇంటి చుట్టూ మూడడుగుల వెడల్పు కాంక్రీటు పట్టీ బయటికి వాలుగా వేయిస్తే వాననీరు పునాది పక్కకి చేరదు.

శ్లాబు రోజు బడికి సెలవు పెట్టండి. ముహూర్తానికి కొబ్బరికాయ కొట్టి వెళ్లిపోయే యజమానులే ఎక్కువ. మీరు కాంక్రీటు కలిపే మిల్లరు పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. బస్తా సిమెంటుకి 25 నుంచి 27 లీటర్ల నీళ్లు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తక్కువ. బకెట్టుకి ముందురోజే కొలిచి ఎర్ర రంగుతో గీత గీయండి, ఆ గీత దాటి పోస్తే ఆపండి. కాంక్రీటు పల్చగా ఉంటే మోసేవాళ్లకి సుఖం, పరిచేవాళ్లకి సుఖం, మీకు మాత్రం కారే శ్లాబు. చువ్వల్ని సెంట్రింగుకి తగలకుండా ఎత్తి ఉంచే 20 ఎంఎం కవర్ బిళ్లలు ఉన్నాయో లేదో పోతకి ముందే వంగి చూడండి. కంకర రాళ్లు పెట్టి సరిపెడతారు, తొక్కుడికి అవి జారిపోయి చువ్వ సెంట్రింగుకి ఆనుకుంటుంది. తెల్లారే మాలుతో గట్లు కట్టించి మడిలా నీళ్లు నిలపండి. ఇప్పుడు దొరికేది ఎక్కువగా బూడిద కలిసిన పీపీసీ సిమెంటే, దానికి పది రోజులు, ఎండాకాలమైతే పద్నాలుగు రోజులు తడి ఆరకూడదు. సెంట్రింగు కూడా రెండు వారాలు ఉంచండి, కిరాయి పెరుగుతుందని తొందరపెడితే వినకండి.

సరుకు లెక్క మీ దగ్గర ఉంటే ఎవరూ ఏమార్చలేరు. అడుగుకి 0.4 బస్తా సిమెంటు, మూడున్నర నుంచి నాలుగు కిలోల ఇనుము అనేది మేమంతా వాడే గుడ్డి లెక్క. మీ 850 అడుగులకి 340 బస్తాలు, మూడు టన్నుల పైన ఇనుము. లోతు పునాది వల్ల కాస్త పెరుగుతుంది. 500 బస్తాలు అయ్యాయంటే మాత్రం గోడౌను తాళం ఎవరి దగ్గరుందో చూడండి.

మేస్త్రీతో లేబర్ కాంట్రాక్టు మాట్లాడుకునేటప్పుడు కొలత ఎలాగో కాగితం మీద రాయించండి. సజ్జాలు, అటకలు, మెట్లు, సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ అడుగు రేటులో ఉన్నాయా, విడిగానా? నేను చూసిన తగవుల్లో సగం ఇక్కడే మొదలయ్యాయి. డబ్బు పని కంటే ముందు వెళ్లకూడదు. చివరి పది శాతం మాత్రం డాబా మీద నీళ్లు నిలిపి రెండు రోజులు చూశాకే. అనుమతి సంగతి కూడా ఇక్కడే: మున్సిపాలిటీలో 75 నుంచి 600 గజాల లోపు స్థలానికి, 10 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి తెలంగాణ బీపాస్ అనే భవన అనుమతుల చట్టం కింద స్వీయ ధ్రువీకరణతోనే వెంటనే వస్తుంది. తేలిగ్గా వచ్చింది కదా అని తప్పు కొలతలు రాయకండి, అలాంటి కట్టడాన్ని నోటీసు లేకుండా కూల్చే అధికారం ఆ చట్టంలోనే ఉంది.

కిటికీలు స్లైడింగువి పెట్టించబోతున్నట్టు రాశారు. వద్దు. జరిపే కిటికీ ఎంత పెద్దదైనా సగమే తెరుచుకుంటుంది. రెక్కల కిటికీ పెడితే అదే ఖర్చుకి రెట్టింపు గాలి. ఒక్కో గదికి రెండు వేర్వేరు గోడల్లో ఉండాలి. మీ వైపు మే నెల వడగాలికి పగలు తెరిస్తే ఇల్లు కొలిమే. పొద్దున తొమ్మిదికి మూసేసి, రాత్రి ఎనిమిదికి తెరిచి తెల్లారేదాకా వదిలేయాలి. అలా ధైర్యంగా వదిలేయాలంటే గట్టి గ్రిల్లూ, దోమల జాలీ కావాలి, వాటికి డబ్బు అట్టిపెట్టుకోండి.

సోలార్ చివరికి వదిలేశాను, ఎందుకంటే జవాబు చిన్నది. పీఎం సూర్యఘర్ కింద రెండు కిలోవాట్లకి 60,000, మూడుకి 78,000 సబ్సిడీ ఉన్న మాట నిజమే. కానీ మీ అమ్మగారి పేర రేషన్ కార్డు ఉందని, ఇప్పటి ఇంటికి ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి వర్తిస్తోందని మీరే రాశారు. కొత్త ఇంటికీ అది వర్తించి నెలకి 200 యూనిట్ల లోపు ఉచితమైతే సోలార్ మీద పెట్టిన సొమ్ము ఎలా తిరిగొస్తుంది? అదే సొమ్ములో కొంచెం తీసి కరెంటు తక్కువ లాగే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాన్లు కొనండి. పాత ఫ్యాను 75 వాట్లు లాగితే ఇది 30, 35తో సరిపెడుతుంది. నాలుగు ఫ్యాన్లు రోజుకి పన్నెండు గంటలు తిరిగితే నెలకి 58 నుంచి 65 యూనిట్ల తేడా. 200 గీత దాటకుండా ఉండడానికి అదే చాలు. డాబా మీదనుంచి మీటరు దాకా ఒక ఖాళీ పైపు మాత్రం గోడలో వేయించి ఉంచండి. రేపు పథకం మారినా, పై అంతస్తు లేచినా అప్పుడు గోడ కోయక్కర్లేదు.

ఇప్పటికైతే ప్లాను గీయించొద్దు, మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వొద్దు. ఈశాన్యంలో ఒకటి, నైరుతిలో ఒకటి గోతులు తీయించి, ఒక్కో అడుగుకీ మట్టి ఎలా మారిందో టేపు పక్కన పెట్టి ఫొటోలు తీసి పంపండి. ఫుటింగా, పైలా అన్నది అవి చూశాక తేలుద్దాం.